మార్ఖా లోయ నడక: యాభై దాటిన మేము వెళ్ళవచ్చా?

ప్రశ్న (రాజమహేంద్రవరం నుంచి)

అందరికీ నమస్కారం. నా వయసు 54, మావారికి 61. ఇద్దరం ఉపాధ్యాయులం. ఆయన పదవీ విరమణ చేసే ఏడు ఎక్కడికైనా గుర్తుండిపోయే ప్రయాణం చేయాలని కోరిక. లద్దాఖ్‌లోని మార్ఖా లోయ గురించి మా అమ్మాయి చెప్పింది. పది మందికి మించని బృందం, వెంట ఒక గైడు, సామాను గుర్రాల మీద, రాత్రి పల్లెల్లో ఇళ్ళలోనే బస. వినగానే మనసు అటే పోయింది.

నిర్వాహకులు పంపిన కార్యక్రమం ఇది. మొదటి రోజు విమానంలో లేహ్. రెండో రోజు ఊరు చూడడం. మూడో రోజు చిల్లింగ్ దగ్గర నడక మొదలు, రాత్రికి స్కియు. నాలుగో రాత్రి మార్ఖా, ఐదో రాత్రి హంకర్, ఆరో రాత్రి నిమాలింగ్. ఏడో రోజు కొంగ్మారు లా కనుమ దాటి లేహ్‌కు రాక. ఎనిమిదో రోజు ఉదయం తిరుగు విమానం.

ఏటా అలిపిరి మెట్ల దారిలో తిరుమలకు నడిచే వెళతాం. మావారు బి.పి.కి ఒక మాత్ర వేసుకుంటారు. మెట్లు దిగేటప్పుడు నా మోకాళ్ళు నొప్పి పెడతాయి. ఇద్దరం శాకాహారులం. ఈ నడక మాకు తగినదేనా? బూట్లు ఎలాంటివి కొనాలి? అడ్వాన్సు కట్టడానికి వారమే గడువు ఉంది.

జవాబు (హైదరాబాదు నుంచి)

అక్కగారూ, మీరు నిశ్చింతగా వెళ్ళవచ్చు. కానీ ఈ కార్యక్రమం ప్రకారం మాత్రం వెళ్ళకండి. బూట్ల సంగతి తర్వాత చూద్దాం, ముందు రోజుల లెక్క సరిచేసుకోవాలి.

ఆ లోయలో నేను మూడుసార్లు నడిచాను. మొదటిసారి ఇంచుమించు ఇలాంటి కార్యక్రమంతోనే వెళ్ళాం. ఎనిమిది మందే అని చెప్పిన నిర్వాహకులు లేహ్‌లో రెండు బృందాలను కలిపి పదిహేడు మందిని చేశారు. గైడు ఒక్కరే. లేహ్‌లో రెండో రాత్రి మా బావమరిదికి తలనొప్పి మొదలైంది. ప్రయాణ బడలిక అనుకున్నాడు. హంకర్ చేరేసరికి అన్నం సయించలేదు. తన వల్ల అందరూ ఆగిపోవాల్సి వస్తుందని మొహమాటపడి ఎవరికీ చెప్పలేదు. నిమాలింగ్‌లో సాయంత్రం డేరా ముందు కూర్చుని బూటు తాడు కట్టుకోబోయాడు. రెండు కొసలూ రెండు చేతుల్లో పట్టుకుని, ముడి ఎలా వేయాలో గుర్తురాక వాటి వంకే చూస్తూ ఉండిపోయాడు. గుర్రాలు తోలే పెద్దాయన అది గమనించి, మమ్మల్ని అడగనైనా అడగకుండా గుర్రానికి జీను వేశాడు. టార్చిలైట్ల వెలుగులో అతన్ని హంకర్‌కు దించాం. తెల్లవారేసరికి మాట తేటపడింది. ఇంకో రాత్రి అక్కడే ఉంచి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

అలిపిరి దారిలో 3,550 మెట్లు ఎక్కగల కాళ్ళు మీవి. కాళ్ళకు ఢోకా లేదు. అయితే తిరుమల వెయ్యి మీటర్ల ఎత్తు కూడా ఉండదు. ఆంధ్రలో అన్నిటికన్నా ఎత్తైన కొండ కూడా 1,700 మీటర్లు దాటదు. లేహ్ పట్టణమే 3,500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ ఊపిరికి అందే ప్రాణవాయువు మన తీరంలో దొరికే దానిలో మూడింట రెండు వంతులు. 5,200 మీటర్ల ప్రాంతంలో ఉన్న కొంగ్మారు లా మీద సగానికి కాస్త ఎక్కువ. ఒంట్లో బలం ఉండడం వేరు, ఒళ్ళు ఎత్తుకు అలవాటు పడడం వేరు. రెండో దానికి కావలసింది రోజులే. వ్యాయామంతో ఆ రోజులు తగ్గవు.

3,000 మీటర్లు దాటాక ఒక రాత్రికీ మరుసటి రాత్రికీ మధ్య పడుకునే చోటు ఎత్తు 500 మీటర్లకు మించి పెరగకూడదని కొండ వైద్యుల నియమం. పగలు ఎంత ఎత్తుకు వెళ్ళి వచ్చినా పరవాలేదు, రాత్రి ఎక్కడ పడుకుంటున్నామన్నదే లెక్క. స్కియు 3,400, మార్ఖా 3,700, హంకర్ 4,000 మీటర్లు. ఇంతవరకు బాగానే ఉంది. హంకర్ నుంచి నిమాలింగ్‌కు ఒక్క రోజులో 800 మీటర్లు ఎక్కడంలోనే ప్రమాదం ఉంది. నడుమ 4,200 మీటర్ల దగ్గర థాచుంగ్‌ట్సే అనే పచ్చిక మైదానం ఉంది. హంకర్ నుంచి పొద్దున్న బయలుదేరితే మధ్యాహ్నానికి చేరతారు. ఆ రాత్రి అక్కడే ఆగాలి. మరునాడు నిమాలింగ్‌కు ఎక్కే 600 మీటర్లు నియమం కన్నా కాస్త ఎక్కువే అయినా, ఒక్కసారే 800 ఎక్కడం కన్నా మేలు. చాలామంది రోజు కలిసివస్తుందని ఆ మజిలీని ఎత్తేస్తారు.

కాబట్టి లేహ్‌లో మూడు రాత్రులు, థాచుంగ్‌ట్సేలో ఒకటి, చివర ఒక ఖాళీ రోజు. మొత్తం పదకొండు రోజులు పెట్టుకోండి. ఖాళీ రోజు ఎందుకంటే, మంచు కురిసి కనుమ మూసుకుపోవచ్చు, మీలో ఒకరికి ఒంట్లో బాగుండకపోవచ్చు. మరునాడే విమానం ఉందని తెలిస్తే గైడు కూడా తొందరపడతాడు.

నిర్వాహకులకు ఫోను చేసి, గైడుకు ఎంతమంది చొప్పున ఉంటారో అడగండి. ఒకరు వెనుదిరగాల్సి వస్తే వారితో ఎవరు వెళతారు? మిగతావారి నడక ఆగిపోతుందా? ఆక్సిజన్ సిలిండరు వెంట ఉంటుందా? సామాను మోసే గుర్రాలు కాక, మనిషి ఎక్కడానికి ఒకటి విడిగా ఉంటుందా? చిల్లింగ్ దాటి లోయలోకి మోటారు రోడ్డు కొన్నేళ్ళుగా ముందుకు జరుగుతూ వస్తోంది కాబట్టి, నడక సరిగ్గా ఎక్కడ మొదలవుతుందో కూడా తేల్చుకోండి. మొదటి రోజే జీపులో మార్ఖా దాకా తీసుకెళితే ఎత్తుల లెక్క మొత్తం మారిపోతుంది. ఈ ప్రశ్నలకు విసుక్కునేవారికి అడ్వాన్సు కట్టవద్దు.

జవాబు (వరంగల్ నుంచి, వైద్యురాలిని)

బి.పి. అదుపులో ఉంటే వెళ్ళకూడదని లేదు. కానీ ఆ మాత్ర ఏ రకమో తెలియాలి. కొన్ని మాత్రలు మూత్రాన్ని ఎక్కువ చేస్తాయి, కొన్ని గుండె వేగాన్ని పెరగనివ్వవు. ఎత్తులో ఈ రెండూ ఆలోచించవలసిన విషయాలే. పైగా మొదటి రోజుల్లో అక్కడ బి.పి. కొంత పెరగడం మామూలే. కనీసం నెల ముందు మీ వైద్యుణ్ణి కలిసి, "5,000 మీటర్లు దాటి వెళుతున్నాం" అని స్పష్టంగా చెప్పండి.

ఎత్తు జబ్బు రాకుండా వాడే మందు ఎసిటజోలమైడ్. డయామాక్స్ అనే పేరుతో దొరుకుతుంది. సాధారణంగా 125 మిల్లీగ్రాములు ఉదయం, రాత్రి, ఎత్తుకు చేరే ముందు రోజు నుంచి వేసుకుంటారు. సల్ఫా మందులు పడనివారు ముందే వైద్యుడికి చెప్పాలి. వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువగా వస్తుంది. వాటికి భయపడవద్దు. అయితే ఈ మందు వేసుకున్నాం కదా అని లేహ్‌లో విశ్రాంతి తగ్గించుకోకండి. నిద్ర మాత్రలు, మద్యం మొదటి రోజుల్లో వద్దు.

తలనొప్పి, దానితోపాటు వికారం గానీ నీరసం గానీ ఉంటే ఆ రోజు పైకి ఎక్కవద్దు. తగ్గకపోతే దిగాలి. కూర్చున్నా ఆయాసం, మాట తడబడడం, గీత మీద నడిచినట్టు అడుగు వెనక అడుగు వేయలేకపోవడం కనబడితే తెల్లవారేదాకా చూడవద్దు, వెంటనే దించాలి. ఊపిరితిత్తుల్లో నీరు చేరడానికీ మెదడు వాయడానికీ ఇవి గుర్తులు. పై జవాబులో బూటు తాడు సంగతి సరిగ్గా ఇదే.

ప్రశ్న అడిగినవారు

కళ్ళు తెరిపించారు, ఇద్దరికీ ధన్యవాదాలు. నిర్వాహకులకు రేపే ఫోను చేస్తాను. అడగడానికి సంకోచంగా ఉన్నా ఇంకో సందేహం. ఆ ఇళ్ళలో స్నానం, మరుగుదొడ్డి ఎలా ఉంటాయి? తిండి మాకు సరిపడుతుందా? ఆడ గైడ్లు దొరుకుతారా?

జవాబు (విశాఖపట్నం నుంచి)

అక్కా, ఇందులో సంకోచం ఎందుకు? నేనూ మా చెల్లెలూ రెండేళ్ళ కిందట వెళ్ళాం. అక్కడివి పొడి మరుగుదొడ్లు. మేడ మీద మట్టి నేలకు ఒక కంత, పక్కన మట్టి గుట్ట, పార. పని అయ్యాక రెండు పారల మట్టి వేయాలి. అదంతా ఏడాదికి ఎరువై బార్లీ చేలకు పోతుంది. అందుకే అందులో నీళ్ళు పోయకూడదు. మనకు అలవాటు తప్పాలంటే కష్టమే. నేను కాగితం వాడి, తర్వాత తడి గుడ్డతో శుభ్రం చేసుకునేదాన్ని. ప్యాడ్లు, ప్లాస్టిక్ ఒక సంచిలో వేసి లేహ్‌కు తిరిగి తెచ్చాం. వాటిని ఆ కంతలో వేస్తే ఆ ఇంటివాళ్ళ ఎరువు పాడవుతుంది. స్నానం మాట మరచిపోండి, అడిగితే ఒక చెంబు వేడినీళ్ళు ఇస్తారు.

తిండికి లోటుండదు. అన్నం, పప్పు, కూర ప్రతి ఇంట్లో పెడతారు. ఆ ఎత్తులో నీళ్ళు 85, 88 డిగ్రీలకే మరిగిపోతాయి కాబట్టి మామూలు గిన్నెలో అన్నం పలుకుగానే ఉండిపోతుంది. అందుకే ప్రెషర్ కుక్కర్ లేని ఇల్లు లేదు. కందిపొడి, చిన్న సీసాలో ఉసిరికాయ పచ్చడి తీసుకెళ్ళండి. ఆకలి మందగించే చోట అవే నాలుగు ముద్దలు తినిపిస్తాయి.

కానీ వాళ్ళ వంట కూడా తినండి. మార్ఖాలో మేము దిగిన ఇంట్లో వంటిల్లే అన్నిటికన్నా పెద్ద గది. గోడ పొడవునా చెక్క అరల మీద ఇత్తడి, రాగి పాత్రలు తళతళలాడుతున్నాయి. నడుమ ఇనుప పొయ్యి, పక్కన గంపలో పిడకలు. పెద్దావిడ స్క్యూ అనే వంటకం చేస్తోంది. గోధుమపిండి ముద్దలోంచి చిన్న ఉండ తుంచి, బొటనవేలితో నొక్కి, గుంట పడ్డ బిళ్ళను ఉడుకుతున్న ముల్లంగి, బంగాళాదుంపల్లోకి జారవిడుస్తోంది. నేనూ ఒక ముద్ద తీసుకున్నాను. నా బిళ్ళలు మందంగా వచ్చాయి. ఆవిడ నా బొటనవేలు పట్టుకుని, ఎంత గట్టిగా నొక్కాలో నొక్కి చూపించింది. ఆ పూట మాకు ఉమ్మడి మాట ఒక్కటీ లేదు. 'జూలే' ఒక్కటే, నమస్కారానికీ ధన్యవాదానికీ వీడ్కోలుకూ అదే. మనం 'గారు' అన్నట్టు వాళ్ళు పిలుపు చివర 'లే' చేరుస్తారు. పెద్దావిడను 'అబీ-లే' అనండి, అమ్మమ్మగారూ అన్నట్టు. ఆ పిలుపుకు ముఖం ఎంత విప్పారుతుందో మీరే చూస్తారు. వెన్న, ఉప్పు వేసిన టీ ఒక గుక్క తాగగానే మళ్ళీ నింపుతారు. చాలనుకుంటే నిండు కప్పు అలాగే ఉంచి, లేచేముందు తాగండి.

ఆడ గైడ్లు ఉన్నారు. థిన్లాస్ చోరోల్ 2009లో లేహ్‌లో లదాఖీ విమెన్స్ ట్రావెల్ కంపెనీ పెట్టారు, గైడ్లందరూ స్త్రీలే. ఒకటి గుర్తుంచుకోండి. థాచుంగ్‌ట్సే, నిమాలింగ్‌లలో ఊళ్ళు లేవు, అక్కడ డేరాలే. "ప్రతి రాత్రీ ఇంటి బస" అని ఎవరన్నా చెబితే నమ్మకండి.

జవాబు (బెంగళూరు నుంచి)

గైడు, బృందం అంతా అనవసర ఖర్చు. దారి తప్పే ప్రశ్నే లేదు, నది వెంబడే పోవడం. నేను ఒక్కడినే సంచి తగిలించుకుని వెళ్ళి వచ్చాను. ఇళ్ళలో బస అక్కడికక్కడే దొరుకుతుంది.

జవాబు (హైదరాబాదు నుంచి)

తమ్ముడూ, నువ్వు చెప్పింది నీ వయసుకు నిజమే. కానీ దారి చూపడం గైడు పనిలో చిన్న భాగం. మధ్యాహ్నానికి మంచు కరిగి వాగులు పొంగుతాయి. పొద్దున్న మోకాలి లోతున్న వాగు సాయంత్రానికి తొడల దాకా వస్తుంది. ఎన్ని గంటలకు బయలుదేరాలో, ఏ రేవులో దాటాలో ఏటా చూసేవారికే తెలుస్తుంది. లోయలో చాలాచోట్ల ఫోను పలకదు. అన్నట్టు అక్కగారూ, మన రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ లద్దాఖ్‌లో అసలు పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి.

ఇంకో మాట మనసులో ఉంది. ఆ లోయంతా హెమిస్ జాతీయ ఉద్యానవనంలోనిది, మంచు చిరుతల ఇలాకా. చిరుత దొడ్లో దూకితే ఒక్క రాత్రిలో ఒక కుటుంబం గొర్రెలన్నీ పోయేవి, కోపంతో వాళ్ళు దాన్ని చంపేవారు. 2000 తర్వాత ఇళ్ళలో అతిథుల బస మొదలయ్యాక ఆ చిరుతే అతిథులను రప్పించి వాళ్ళకు అన్నం పెట్టేదయింది. చాలా పల్లెల్లో వంతుల ప్రకారం ఒక్కో ఇంటికి అతిథులను పంపుతారు, రోడ్డు పక్క ఇంటికే లాభం పోకుండా. మనం ఇచ్చే డబ్బు నేరుగా ఆ ఇంటికి చేరుతోందా అని నిర్వాహకులను అడగడం కూడా మరచిపోవద్దు.

ప్రశ్న అడిగినవారు

ఫోను చేశాను. లేహ్‌లో మూడు రాత్రులకు ఒప్పుకున్నారు కానీ థాచుంగ్‌ట్సేలో ఆగడం కుదరదన్నారు. వారికి వద్దని చెప్పేశాను. లేహ్‌కు చెందిన వేరే నిర్వాహకులు పదకొండు రోజులకు సరేనన్నారు. బృందం ఆరుగురు, ఇద్దరు గైడ్లు, ఎక్కడానికి ఒక గుర్రం. దసరా సెలవుల్లో వెళదామా అంటే అప్పటికి కనుమ మీద చలి బాగా ముదురుతుందని, సెలవు పెట్టి ఆగస్టు చివరలో రమ్మన్నారు. ఇక మిగిలింది నా మోకాళ్ళు, బూట్లు.

జవాబు (హైదరాబాదు నుంచి)

మంచి పని చేశారు అక్కగారూ. ఆగస్టు చివరికి వాగులు కాస్త తగ్గుతాయి, బార్లీ కోతలు కూడా చూస్తారు.

మీ మోకాళ్ళకు అసలు పరీక్ష కొంగ్మారు లా అవతలి దిగుడు. ఒక్క రోజులో వెయ్యి మీటర్లకు పైగా దిగాలి, మొదట నిటారుగా, ఆపై వాగు చీల్చిన ఇరుకు దారిలో రాళ్ళ మీద. ఇవాళ్టి నుంచే వారానికి మూడు రోజులు మెట్లు దిగడం సాధన చేయండి, ఎక్కడం కాదు. వీపు మీద ఐదారు కిలోల సంచి ఉండాలి. నొప్పి తగ్గకపోతే ఎముకల వైద్యుణ్ణి ముందే కలవండి. చేతికర్రలు జత కొనండి, ఒకటి చాలదు. దిగేటప్పుడు వాటిని కాస్త పొడవు చేసుకుని, ముందు కర్ర ఆనించి తర్వాత అడుగు వేయండి.

బూట్లు చీలమండను పట్టి ఉంచేవి, మీ కొలత కన్నా అర సైజు పెద్దవి తీసుకోండి. సాయంత్రం పూట, మందపు మేజోళ్ళు వేసుకుని కొలత చూడండి. వాలు బల్ల మీద నిలబడితే బొటనవేలు ముందుకు తగలకూడదు. తగిలిందంటే దిగుడులో గోరు నల్లబడుతుంది. ఈ నెలలోనే కొని, బడికి కూడా అవే వేసుకుని వెళ్ళండి.