విండోస్ 11 స్క్రీన్‌ను షాపుకు తగ్గట్టు సర్దుకోవడం ఎలా?

బాలాజీకాలనీ జెరాక్స్:
తిరుపతిలో బాలాజీ కాలనీ వైపు మాది చిన్న జెరాక్స్, ఆన్‌లైన్ పనుల షాపు. దర్శనం టికెట్ల ప్రింట్లు, యూనివర్సిటీ పిల్లల ప్రాజెక్టులు, ఆధార్ కాపీలు, ముహూర్తాల సీజన్‌లో పెళ్లిపత్రికలు. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్టు ముగిసింది. విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ పాత సిస్టమ్‌లో లేదు కాబట్టి 11 ఉన్న కొత్తది తీసుకున్నాం.

వాల్‌పేపర్లు, అందచందాలు నాకు అక్కర్లేదు. పొద్దున నేను కూర్చుంటా, మధ్యాహ్నం నేను ఇంటికి పోతే మా మామయ్య కూర్చుంటారు. ఆయనకు స్టార్ట్ ఎడమ మూలలో ఉండాలి, మై కంప్యూటర్ బొమ్మ కనబడాలి, తెరిచిన ప్రతి ఫైలూ కింద పేరుతో సహా వరసగా ఉండాలి. ఇందులో అన్నీ మధ్యలోకి వచ్చి ఉత్త బొమ్మలుగా మిగిలాయి. "ఏమ్మా, నా ఫైలు యాడికి పోయింది?" అని ఫోన్ చేస్తారు. నేను పొయ్యి దగ్గర నిలబడి దారి చెప్పాలి.

అసలు టెన్షన్ ఇంకొకటి. పేరు, పుట్టిన తేదీ సరిచూసుకోవడానికి మా మానిటర్‌ను సగం కస్టమర్ వైపు తిప్పి పెట్టుకున్నాం. స్టార్ట్ నొక్కితే చాలు, అంతకుముందు వచ్చినవాళ్ల ఫైళ్ల పేర్లు కింద బయటపడుతున్నాయి. ఒకాయన చదివేసి "మా వీధిలో ఆయన లోన్‌కు పెట్టినాడా?" అని అడిగాడు! ఇది ఆపే దారి చెప్పండి.

చిత్తూరు డీటీపీ:
అక్కా, మామయ్యగారివి ముందు తీర్చేద్దాం, అవి సులభం. టాస్క్‌బార్ మీద ఖాళీ చోట రైట్‌క్లిక్ చేసి టాస్క్‌బార్ సెట్టింగ్స్‌లోకి పోండి. బిహేవియర్స్ అని ఉన్నచోట అలైన్‌మెంట్ లెఫ్ట్ పెట్టండి. బటన్లను కలిపేసి పేర్లు దాచే ఆప్షన్ కూడా అక్కడే ఉంది, దాన్ని నెవర్ చేయండి. 2021లో 11 వచ్చినప్పుడు ఈ సౌకర్యం లేదు, జనం గోలపెట్టాక 2023లో తిరిగి ఇచ్చారు. మై కంప్యూటర్‌ను ఇప్పుడు దిస్ పీసీ అంటున్నారు. పర్సనలైజేషన్, థీమ్స్, డెస్క్‌టాప్ ఐకాన్ సెట్టింగ్స్‌లో టిక్కు పెడితే వచ్చేస్తుంది. బొమ్మలు చిన్నగా ఉంటే డెస్క్‌టాప్ మీద కంట్రోల్ పట్టుకుని మౌస్ చక్రం తిప్పండి.

ఇక పేర్లు బయటపడే సంగతి. పర్సనలైజేషన్‌లో స్టార్ట్ తెరిచి, ఇటీవలి ఫైళ్లు చూపించే స్విచ్ ఆపేయండి. స్టార్ట్‌తో పాటు, టాస్క్‌బార్ ఐకాన్ మీద రైట్‌క్లిక్ చేస్తే వచ్చే లిస్టులోనూ, ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లోనూ కనబడవు.

మింట్ అభిమాని:
విండోస్ బదులు లినక్స్ మింట్ వేసుంటే పాత సిస్టమే నడిచేది. టీపీఎం గొడవ లేదు, మెనూ కూడా ఎడమ మూలలోనే.

బాలాజీకాలనీ జెరాక్స్:
కొన్నాక చెప్తే ఏం లాభం అన్నా. పైగా మా పత్రికలన్నీ విండోస్‌లో వాడే 'అను' తెలుగు ఫాంట్లలో ఉన్నాయి, వాటిని వదిలి రాలేను.

తమ్ముడూ, నువ్వు చెప్పినవన్నీ పనిచేశాయి. ఎడమ మూల, పేర్లు చూసి మామయ్య ముఖం వెలిగింది. కానీ ఇటీవలి లిస్టు పోయేసరికి ఆయనకు చెయ్యి విరిగినట్టయింది. "పొద్దున తీసిందే ఇంకో రెండు కాపీలు" అని వస్తారు కదా, ఆ ఫైలు ఆయన అందులోనే వెతికేవారు. కస్టమర్‌కు కనబడకూడదు, మామయ్యకు కనబడాలి. రెండూ కుదిరే మార్గం ఉందా?

పుత్తూరు ఆన్‌లైన్ సెంటర్:
మేమూ ఇదే పనిలో ఉన్నాం, మా పద్ధతి చెప్తాను. డి డ్రైవ్‌లో "ఈరోజు" అని ఒక ఫోల్డర్ పెట్టండి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో లొకేషన్ అనే ట్యాబ్ ఉంటుంది, దాన్ని ఈ ఫోల్డర్‌కు మార్చండి. వాట్సాప్ వెబ్ నుంచి, మెయిల్ నుంచి దించినవన్నీ అక్కడే పడతాయి. తేదీ ప్రకారం సర్దితే కొత్తది పైన ఉంటుంది. దాన్ని ఎక్స్‌ప్లోరర్ ఎడమ పక్కన పిన్ చేసేయండి. మామయ్యగారు తెరిస్తేనే తెరుచుకుంటుంది, స్టార్ట్ నొక్కినప్పుడు ఏమీ బయటపడదు.

డెస్క్‌టాప్ మీద మాత్రం పెట్టొద్దు. వన్‌డ్రైవ్ బ్యాకప్ ఆన్‌లో ఉంటే డెస్క్‌టాప్‌లో ఉన్నవన్నీ క్లౌడ్‌కు పోతాయి, ఊళ్లోవాళ్ల ఆధార్లు మన ఖాతాలో ఎందుకు? ఉచితంగా ఇచ్చేది 5 జీబీ, అదీ నిండిపోతుంది. రాత్రి షట్టర్ దించే ముందు ఆ ఫోల్డర్‌లోవి అన్నీ ఎంచుకుని షిఫ్ట్ డిలీట్ కొట్టండి. ఉత్త డిలీట్ అయితే రీసైకిల్ బిన్‌లో కూర్చుంటాయి. కస్టమర్ తన వాట్సాప్ లాగిన్ అవుతానంటే క్రోమ్‌లో గెస్ట్ విండో తెరిచివ్వండి. మూసేస్తే లాగిన్ పోతుంది, దించిన ఫైలు మాత్రం ఉండిపోతుంది, గుర్తుంచుకోండి.

బాలాజీకాలనీ జెరాక్స్:
షిఫ్ట్ డిలీట్ మాట మామయ్యకు చెప్పను, పత్రికల ప్రూఫులు కూడా ఊడ్చేస్తారు! వాటికి వేరే ఫోల్డర్ పెట్టి, ఊడ్చే పని నా చేతిలోనే ఉంచుకుంటా.

ఇంకొక్కటి. దర్శనం టికెట్లు వదిలే రోజు మామయ్య గూగుల్‌లో వెతికి, పైన ఏది వస్తే దాన్ని నొక్కేస్తారు. దొంగ సైట్లతో భయంగా ఉంది.

చిత్తూరు డీటీపీ:
టీటీడీ సైటును ఒక్కసారి మీరే ఎడ్జ్‌లో తెరవండి. అడ్రస్‌లో సైటు పేరు ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్‌తో ముగిసిందో లేదో చూసుకోండి. మూడు చుక్కల మెనూలో మోర్ టూల్స్, పిన్ టు టాస్క్‌బార్ కొట్టండి. ఆ బొమ్మను లాగి టాస్క్‌బార్‌లో అన్నిటికన్నా ముందుకు తెచ్చిపెడితే, విండోస్ కీ పట్టుకుని 1 నొక్కగానే సైటు తెరుచుకుంటుంది. కీబోర్డు మీద ఆ 1కి పసుపు స్టిక్కర్ అంటించండి, ఫోన్ రాదు.