శనక్కాయ పోయింది, మందిరానికి వెళ్లాలంటే మొహం చెల్లడం లేదు

కళ్యాణదుర్గం చెల్లి:
అందరికీ వందనాలు. మాది కళ్యాణదుర్గం పక్కన పల్లె. నాలుగు ఎకరాల్లో శనక్కాయ వేశాం, సరిగ్గా ఊడలు దిగే టైమ్‌లో వాన మొహం చాటేసింది, ఉన్న ఒక్క బోరు కూడా ఎండిపోయింది. మా ఆయన బెంగళూరుకు సెంట్రింగ్ పనికి పోయాడు. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు అలాగే ఉంది.

కరువు మా అనంతపురానికి కొత్తేం కాదులెండి, అసలు బాధ వేరే. మందిరంలో, అంటే మా చర్చిలో, కానుకల సంచి నా వరుసకు వచ్చేసరికి ఒళ్లు చచ్చిపోతుంది. చేతిలో ఏమీ లేకపోయినా ఒట్టి పిడికిలి లోపల పెట్టి తీసేదాన్ని, పక్కనోళ్లు చూస్తారని. పోయిన నెల ప్రార్థన కూటంలో ఒక అక్క అందరి ముందూ "దశమభాగం ఆపేశారు కదా, ఇంట్లో ఏదో దాచిన పాపం కూడా ఉంటుంది" అంది, రాబడిలో పదో వంతు మందిరానికి ఇవ్వడం మానేశామని. ఆ రాత్రి నుంచి మోకరిస్తే మాట రాదు, కోపం వస్తుంది. ఐదు ఆదివారాలుగా వెళ్లలేదు. నేను విశ్వాసం వదిలేసినట్టేనా?

కడప పెద్దాయన:
అమ్మా, ఆ మాట అన్నామెకు బైబిల్లో యోబు గ్రంథం మళ్లీ చదవమని చెప్పు. ఏ తప్పూ చేయకుండానే పిల్లల్నీ ఆస్తినీ పోగొట్టుకున్నవాడు యోబు. యోబు స్నేహితులు ఏడు రోజులు నోరు మెదపకుండా పక్కన కూర్చున్నారు చూడు, వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే. నోరు తెరిచాక చెప్పిందల్లా ఈ దాచిన పాపం సంగతే. యోబేమో తాను పుట్టిన రోజునే శపించాడు, దేవుణ్ణి మొహం మీదే నిలదీశాడు. చివరికి 42వ అధ్యాయంలో దేవుడు కోప్పడింది ఎవరి మీద? స్నేహితుల మీద. నీకు వచ్చే కోపం ఆయనకే చెప్పు తల్లీ, అది కూడా ప్రార్థనే.

1876-78 పెద్ద కరువు కడప, కర్నూలు, బళ్లారి జిల్లాలను ఊడ్చేసింది. అప్పటికి మీ అనంతపురం ఇంకా బళ్లారిలోనే ఉంది. మా జేజి చెప్పేది, ఆ కాలంలో క్రైస్తవ సంఘంలో చేరినవాళ్లను "గంజి కోసం చేరారు" అని ఎగతాళి చేసేవాళ్లట. వట్టి చేతులతో వచ్చినవాళ్ల మనవళ్లమే మనం, ఇప్పుడు ఇంకొకరి చేతుల్లోకి తొంగి చూస్తున్నాం.

కర్నూలు నుంచి ఒక అన్న:
పెద్దాయన మాట నిజమే కానీ చెల్లీ, ఐదు ఆదివారాలు అంటే నాకు భయంగా ఉంది. మా అమ్మకు డయాలసిస్ మొదలైనప్పుడు నేనూ ఇలాగే ఎవరో ఏదో అన్నారని ఆరు నెలలు మానేశా. మానడం చాలా సులువు, ఎవరూ అడగరు కూడా. అమ్మ పోయిన రాత్రి ఫోన్ చేద్దామంటే ఎవరికి చేయాలో తెలియలేదు. ఆ అక్క కోసం సంఘం మొత్తాన్ని వదులుకోకు.

దశమభాగం అంటారా, బైబిల్లో ద్వితీయోపదేశకాండం 14వ అధ్యాయం చివర చూడండి. మూడో ఏటి దశమభాగం ఊళ్లోనే ఉంచి లేవీయులు (సొంత భూమి లేని, దేవుని సేవ చేసే గోత్రం వాళ్లు), పరదేశులు, తండ్రి లేని పిల్లలు, విధవరాండ్రు తృప్తిగా తినాలని ఉంది. అంటే పంట పోయిన ఇంటికి ఆ సంచిలోంచి రావాలి. ఈ వాక్యం మీద ప్రసంగం నేనైతే ఇంతవరకు వినలేదు!

గుత్తి అక్క:
నేను వాక్యాలు చెప్పలేను. ఈ-పంటలో, అంటే ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వం రాసుకునే ఆన్‌లైన్ లెక్కలో, నమోదు చేయించారా? లేకపోతే బీమా వచ్చినా మీ పేరు ఉండదు, ముందు అది చూసుకోండి. రెండోది, మీ పాస్టర్ అయ్యగారిని ఇంటికి పిలిచి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మా సంఘంలో ఆడవాళ్లం వండే ముందు గుప్పెడు బియ్యం తీసి పెడతాం, నెలాఖరుకు అవసరమున్న ఇంటికి పోతాయి. రెండేళ్ల కిందట మా ఇంటికే వచ్చాయి. తీసుకునేటప్పుడు సిగ్గేసింది, అన్నం మాత్రం అరిగింది.

కళ్యాణదుర్గం చెల్లి:
నిన్న వెళ్లాను. సంచి వచ్చింది, ఈసారి పిడికిలి పెట్టలేదు, అలాగే పక్కకు అందించా. ఎవరూ ఏమీ అనలేదు. ఆ అక్క పలకరించింది, నేను సరిగా పలకలేదు, ఇంకా మనసు రావడం లేదు. రాత్రి 13వ కీర్తన చదివా, ఎన్నాళ్లు, ఎంతవరకు అని దావీదే నాలుగుసార్లు అడిగాడు. ఐదోసారి నేను అడిగా.

గుత్తి అక్కా, ఈ-పంట నమోదు మా మామ పేరు మీద ఉందట, ఆయన పోయి మూడేళ్లయింది. రేపు ఆధార్, పాస్‌బుక్ పట్టుకుని సచివాలయానికి పోతున్నా.