ఇంజన్ పని చేయించాక మొదటి ఫిల్టర్‌లో రాగి రంగు తునకలు: మళ్ళీ విప్పాలా, తోలేయాలా?

గోదారి రైతుబిడ్డ:
మా మూడు సిలిండర్ల ట్రాక్టర్‌కి ఫుల్ ఇంజన్ పని చేయించాం, లైనర్లు పిస్టన్లు రింగులు, క్రాంకు 10 సైజుకి (అంగుళంలో వెయ్యో వంతులు పది తగ్గేలా) గ్రైండింగ్, కొత్త షెల్లులు (క్రాంకు తిరిగే బేరింగు రేకులు), రాడ్డు పై చివర చిన్న బుష్షులూ కొత్తవే. 20 గంటలు తేలిగ్గా తిప్పి ఆయిలూ ఫిల్టరూ మార్చి పాత ఫిల్టర్ కోసి చూశా. కాగితం మడతల్లో బూడిద రంగు పొడి, అది సరే అనుకున్నా, మధ్యమధ్యలో రాగి రంగు తునకలు మెరుస్తున్నాయి. మేస్త్రీ ఏమో "కొత్త ఇంజనన్నాక రాదా, ఎవడు కొయ్యమన్నాడు నిన్ను" అంటున్నాడు. వచ్చే వారం నుంచి దమ్ము. ఏం చెయ్యమంటారు?

డీజిల్ పిచ్చోడు:
మేస్త్రీ చెప్పిందే కరెక్టు బ్రో. కొత్త రింగులు లైనర్ లోపల గీసిన హోనింగ్ గీతల మీద సర్దుకునేదాకా మెటల్ వస్తుంది, మొదటి ఆయిల్ తొందరగా మార్చేది అందుకేగా. షోరూం బండి ఫిల్టర్ కోసినా మెరుపు కనపడుద్ది, ఎవడూ కొయ్యడు కాబట్టి ఎవడూ భయపడడు. అయినా దేంతో కోశావ్? హ్యాక్సాతో అయితే ఆ రజనంతా కాగితం మీదే పడుద్ది.

లేత్ పనివాడు:
హ్యాక్సా రజను ఇనుము కదా స్వామీ, రాగి రంగు ఎక్కణ్ణుంచి వస్తుంది? రింగులూ లైనరూ కూడా ఇనుమే, వాటి పేరు చెప్పి రాగిని కొట్టెయ్యకండి. ఇంజన్‌లో ఆ రంగు వచ్చే చోట్లు తక్కువ. రాడ్డు చిన్న బుష్షు, థ్రస్ట్ వాషర్లు, టర్బో ఉంటే దాని బుష్షు, ఇంకోటి షెల్లులో పై పూత కింది పొర. అల్యూమినియం షెల్లులకి ఆ పొర ఉండదు, మిగతావాటికి పైన బూడిద రంగు పూత, దాని కింద రాగి. అన్నా నువ్వో పని చెయ్యి, కాగితాన్ని రెండు చెక్కల మధ్య పెట్టి వైసులో పిండి, తెల్ల బేసిన్‌లో కిరసనాయిలు పోసి జాడించు. పాలిథిన్ కవర్లో అయస్కాంతం పెట్టి అడుగున తిప్పితే ఇనుమంతా దానికే పడుతుంది. మిగిలింది భూతద్దంతో చూడు. చుట్ట తిరిగి ఉంటే బుష్షు రంధ్రం సైజుకి తెచ్చేందుకు రీమరు కొట్టినప్పటి చెత్త, సరిగ్గా కడక్కుండా బిగించారన్నమాట. పల్చగా రేకుల్లా ఉంటే షెల్లు మీద అనుమానపడాలి.

వరంగల్ వర్క్‌షాప్:
గిదంతా ఎందుకన్నా, ఆయిల్ శాంపిల్ ల్యాబుకి పంపితే అయిపోతది, కాపర్ ఎంతుందో రాసిస్తరు.

లేత్ పనివాడు:
ల్యాబులో మామూలు స్పెక్ట్రో టెస్టుకి సన్న పొడే తెలుస్తుంది, 5–10 మైక్రాన్లు దాటిన ముక్కలు సరిగ్గా దొరకవు. కంటికి కనపడేవి ఫిల్టర్‌లోనే చూసుకోవాలి.

డీజిల్ పిచ్చోడు:
సరే రేకులే అనుకుందాం, సంప్ (ఇంజన్ కింది ఆయిల్ తొట్టి) దించమంటావ్ అంతేగా? ఇది కారు కాదు బాబూ, చాలా ట్రాక్టర్లకి సంప్ పోత ఇనుముది, ముందు యాక్సిల్ బరువంతా దాని మీదే. ముందు భాగం విడదీసి జాకీల మీద నిలబెట్టాలి. ఆ లేబరెవడిస్తాడు? ఇంకో 5 గంటలు తిప్పి రెండో ఫిల్టర్ కోసి చూడమను, మొదటిదాంట్లో ఎటూ పాత చెత్త ఉంటుంది.

గోదారి రైతుబిడ్డ:
ఇందాక కడిగా. అయస్కాంతానికి పొడి బాగానే పట్టింది. మిగిలినవాటిలో కొన్ని చుట్ట తిరిగున్నాయ్, కానీ రెండు రేకులు గోటితో నొక్కితే వంగుతున్నాయ్, అందులో ఒకదానికి ఒకవైపు బూడిద రంగు, ఇంకోవైపు రాగి. ప్రెజర్ ముల్లు చల్లగా ఉన్నప్పుడు బానే ఉంటోంది, వేడెక్కాక ఐడిల్‌లో బాగా కిందకి పడిపోతోంది.

లేత్ పనివాడు:
ఆ రెండు రంగుల రేకు బుష్షుది కాదన్నా, షెల్లుదే. ఉత్త పొడే అయితే రెండో ఫిల్టర్ దాకా ఆగమని నేనూ చెప్పేవాణ్ణి. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు ఆయిల్ చిక్కగా ఉండి ఫిల్టర్‌ని తప్పించి ఆయిల్ పంపే బైపాస్ వాల్వు తెరుచుకుంటే వడకట్టని ఆయిలే బేరింగులకి పోతుంది, ఆ బుష్షు చెత్తే పోయి షెల్లులో గుచ్చుకుని ఉండొచ్చు. ఇప్పుడు దించితే షెల్లుల సెట్టూ క్రాంకు పాలిషుతో పోవచ్చు. బురదలో ఫుల్ లోడు మీద జామైతే 10లో ఉన్న క్రాంకు 20కో 30కో పోద్ది, రాడ్డు వంగితే అదింకో ఖర్చు.

గోదారి రైతుబిడ్డ:
మేస్త్రీకి రేకు చూపించా. అటూ ఇటూ తిప్పి చూసి సోమవారం విప్పుదాం అన్నాడు, లేబర్ సగం మాత్రం నేనే ఇవ్వాలంట. ఆ సగం నేనెందుకివ్వాలో ఎవరన్నా చెప్పండి.

డీజిల్ పిచ్చోడు:
ఇవ్వనంటే దమ్ములయ్యాక విప్పుతాడు బ్రో, అందుకు.