వీధి పిల్లిని తెచ్చుకున్నాం, లిట్టర్ డబ్బాలో పోవడం లేదు. ఏం చేయాలి?

హంద్రీగట్టు (కర్నూలు):
అందరికీ నమస్కారం. వాన పడిన రాత్రి మా మెట్ల కింద చేరిన పిల్లిని పన్నెండు రోజులుగా ఇంట్లోనే పెట్టుకున్నాం. మగది. ఏడెనిమిది నెలలు ఉండొచ్చని పశువుల డాక్టరు అన్నారు. ఒళ్లంతా ఉలవల రంగు కాబట్టి పేరు ఉలవ. బాగా తింటుంది, ఒళ్లో పడుకుంటుంది. బాధల్లా ఒకటే. 450 రూపాయలు పెట్టి ఐదు కిలోల లిట్టర్ సంచి, అంటే పిల్లి పోసుకోవడానికి డబ్బాలో వేసే మట్టి, తెచ్చాను. మూత ఉన్న డబ్బా కూడా కొన్నాను. లిట్టర్ ఏదో పూల వాసన కొడుతుంది. ఉలవ అందులోకి ఒకసారి తల పెట్టి, తుమ్మి, నేరుగా వెళ్లి మా బొంత మీద పోసింది. మరుసటి రోజు బియ్యం మూట వెనక. ఆ తర్వాత బాత్‌రూమ్ గుమ్మం పక్కన.

మాది మిద్దె మీద అద్దె పోర్షన్, కింద ఓనర్లుంటారు. వాసన వాళ్లదాకా పోతే ఖాళీ చేయమంటారని మా ఆవిడకు ఒకటే టెన్షన్. ఫినాయిల్ వేసి తుడుస్తున్నాం, అయినా మళ్లీ అక్కడే పోస్తుంది. ముక్కు పట్టుకుని దాంట్లో రుద్దితే బుద్ధి వస్తుందని పక్కింటాయన సలహా. నాకు చేతులు రాలేదు.

శనక్కాయసీమ (అనంతపురం):
అన్నా, ముందు ఆ ఫినాయిల్ ఆపు. పిల్లి కాలేయానికి ఆ రకం మందును విరగ్గొట్టే శక్తి లేదు. నేల మీద నడిచి, తర్వాత పాదాలు నాక్కుంటుంది కదా, అదంతా కడుపులోకే. ముక్కు రుద్దే పని చేయనందుకు నీకు దండం. అలా చేస్తే నువ్వు లేనప్పుడు మంచం కింద పోయడం నేర్చుకుంటుంది, అంతే.

ఇంకోటి. నీ పిల్లికి నువ్వు కొత్తగా నేర్పాల్సింది ఏమీ లేదు. ఏడు నెలలు వీధిలో బతికింది, మట్టిలో గుంత తీసి, పోసి, పూడ్చడం దానికి నీకంటే బాగా తెలుసు. దానికి తెలియనిది పూల వాసన వచ్చే మూత డబ్బా. మా సందులో ఇల్లు కడుతున్నప్పుడు ఇసుక కుప్ప మీద ఎన్ని పిల్లులు కూర్చునేవో! తెల్లారి మేస్త్రీ తిట్టుకుంటూ పార పట్టేవాడు. మా నల్లపిల్లిని తెచ్చినప్పుడు నేను అదే ఇసుక అరబస్తా అడిగి తెచ్చుకున్నా. మూత లేని వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులో మూడు అంగుళాల మందాన పోసి మూలన పెట్టా. ఆ రాత్రే గరగర గీకిన చప్పుడు వినిపించింది. మా అవ్వ లేచి కూర్చుని, దొంగలేమో అనుకుంది.

బళ్లారిరోడ్డు (అనంతపురం):
ఇసుక మంచిదే గానీ ఊరికే అక్కడ పెడితే సరిపోదు. మొదట నాలుగైదు రోజులు దాన్ని చిన్న గదిలోనే ఉంచాలి. ఒక మూల టబ్బు, ఎదురు మూల తిండి, నీళ్లు. తినే చోటుకు దగ్గరగా ఉంటే పిల్లులు పోవు. తిన్నాక, నిద్ర లేచాక ఎత్తుకెళ్లి ఇసుకలో దించండి. అంతే, చేతులు పట్టుకుని గీకించకండి, బెదురుతుంది. పోసిందంటే వెంటనే ఒక చిన్న కోడి ముక్క.

పోసిన చోట వెనిగర్, నీళ్లు సగం సగం కలిపి తుడవండి. వాసన పోతుంది.

మిద్దెమల్లి (కడప):
వెనిగర్ అన్నవాళ్లను చిన్న మాట అడుగుతాను. మీ ఇంట్లో టైల్సా, బండలా? మాది కడప బండల ఇల్లు. మా తమ్ముడు ఎక్కడో చదివి వెనిగర్ పోశాడు. పోసినంత మేరా నలుపు పోయి తెల్లగా, గరుకుగా మచ్చ పడింది. ఇప్పటికీ ఉంది, దాని మీద చాప వేసి దాచాం. మన నల్లబండా, బేతంచెర్ల బండా సున్నపురాయే కదా, పులుపు తగిలితే తినేస్తుంది. నిమ్మకాయ కూడా అంతే. అద్దె ఇల్లు అంటున్నారు, ఉచ్చ వాసన కంటే ఆ మచ్చకే ఓనరు ఎక్కువ గొడవ చేస్తాడు.

బండల మీద అయితే సబ్బు నీళ్లతో కడిగి, ఆరాక తినే సోడా చల్లి రాత్రంతా వదిలేసి తెల్లారి ఊడ్చేయండి. ఎంజైమ్ క్లీనర్ అని ఆన్‌లైన్లో దొరుకుతుంది. రేటు ఎక్కువే గానీ ఉచ్చలో వాసన పుట్టించేదాన్నే అది కరిగిస్తుంది. మనకు వాసన రాకపోయినా పిల్లికి వస్తుంది. అందుకే మళ్లీ అక్కడికే పోతుంది. బ్లీచింగ్ పౌడర్ మాత్రం ఉచ్చ మీద వేయొద్దు, ఆ రెండూ కలిస్తే వచ్చే ఘాటు మనకూ మంచిది కాదు.

ఎక్కడెక్కడ పోసిందో తెలియకపోతే, దొంగనోట్లు చూసే యూవీ టార్చి ఉంటుంది చూడండి, అది కొని రాత్రి లైట్లన్నీ ఆపి వేసి చూడండి. ఎండిన మరకలు పసుపుపచ్చగా వెలుగుతాయి. మేం నాలుగు చోట్లే అనుకున్నాం. పదకొండు కనిపించాయి. ఒకటి దేవుడి గూటి కింద. మా అమ్మకు ఇంకా చెప్పలేదు.

చెక్‌పోస్టు (కర్నూలు):
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మీది మగపిల్లి అన్నారు కాబట్టి చెప్పాలి.

మాకూ ఒకటి ఉండేది. అదీ ఇలాగే పక్క మీద, సింకులో, ఎక్కడ పడితే అక్కడ కూర్చునేది. అలవాటు చెడిందనుకున్నాం. రెండు రోజులు తిట్టాం కూడా. నిజానికి దానికి రావడం లేదు. కూర్చుంటుంది, ముక్కుతుంది, ఒక చుక్క, లేస్తుంది, మళ్లీ కూర్చుంటుంది. మగపిల్లుల మూత్రనాళం సన్నగా ఉంటుంది, అడ్డు పడితే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. తీసుకెళ్లిన చోట మలబద్ధకం అని మందిచ్చి పంపేశారు. ఆ ఆసుపత్రి పేరు చెప్పను. మూడో రోజు పోయింది.

ఉలవ పోసిన చోట మడుగు పెద్దగా ఉందా, చుక్కలు చుక్కలుగా ఉందా, ఎర్రగా ఉందా, ముందు అది చూడండి. చుక్కలే అయితే ఈ ఇసుక సంగతి పక్కన పెట్టి ఇప్పుడే బయలుదేరండి.

హంద్రీగట్టు:
చెక్‌పోస్టు గారూ, చదివి ఒళ్లు జలదరించింది. వెంటనే వెళ్లి చూశా. పెద్ద మడుగే, రంగు మామూలుగానే ఉంది. అయినా రేపు డాక్టరుకు చూపిస్తా. ఫినాయిల్ డబ్బా బయటపెట్టేశాం. మాదీ నల్లబండే, వెనిగర్ కొనకముందే మల్లి గారు కాపాడారు.

శనక్కాయసీమ:
మల్లక్క చెప్పిన బండ సంగతి నాకూ తెలియదు. సరే, నా తప్పు కూడా ఒకటి చెప్తా. ఇసుక బరువుగా ఉందని, మా ఊళ్లో కావాల్సినంత దొరుకుతుంది కదా అని శనక్కాయ పొట్టు పోశా. రెండు రోజులు హీరోలా తిరిగా. మూడో రోజుకు ఇల్లంతా పొట్టే. పిల్లి వెనక కాళ్లతో ఒక తన్ను తన్నితే వంటింటి దాకా ఎగిరేది. తడిసిన పొట్టుకు చీమలు పట్టాయి. రంపప్పొట్టు కొంత నయం గానీ, మెత్తటి పొడి కావడంతో దానికి తుమ్ములు మొదలయ్యాయి. మళ్లీ ఇసుకకే వచ్చా.

బళ్లారిరోడ్డు:
ఇసుకలో ఉన్న చిక్కు, ఉచ్చ కిందికి దిగిపోయి అడుగున మడ్డి కడుతుంది. కొన్న లిట్టర్ బెంటొనైట్ బంకమట్టి, తడి తగిలితే ముద్ద కడుతుంది కాబట్టి ముద్ద ఒక్కటే తీసేస్తే చాలు. అందుకే ఇసుక అలవాటయ్యాక మెల్లగా మార్చండి. శుభ్రం చేసినప్పుడల్లా ఒక గుప్పెడు ఇసుక తగ్గించి, ఒక గుప్పెడు లిట్టర్ కలపండి. మాకు పద్దెనిమిది రోజులు పట్టింది. వాసన లేనిదే కొనండి. ఆ పూల వాసన మనుషుల కోసం, పిల్లి ముక్కుకు అది మన చెవిలో మైకు పెట్టినట్టు. మరీ చిన్న కూనలకు మాత్రం ముద్దకట్టే రకం వద్దు, నోట్లో పెట్టుకుంటాయి.

పెన్నానీళ్లు (కడప):
ఇదంతా ఎందుకండీ, తలుపు తీసి వదిలితే బయటికి పోయి వస్తుంది కదా. మా చిన్నప్పుడు పిల్లులకు ఎవరు డబ్బాలు పెట్టారు?

చెక్‌పోస్టు:
మీ చిన్నప్పుడు వీధిలో ఇన్ని బండ్లు, ఇన్ని కుక్కలు లేవు సార్.

మిద్దెమల్లి:
పెన్నానీళ్లు గారూ, ఎదురింటివాళ్ల కొత్తిమీర మడిలో మన పిల్లి పోస్తే మాటలు పడేది మనమే.

హంద్రీగట్టు గారూ, ఇంకో విషయం. కింద కూర్చుని పోస్తుందా, నిలబడి తోక వణికిస్తూ గోడకు కొడుతుందా? రెండోది అయితే అది హద్దు గీసుకోవడం, ఎంత మంచి ఇసుక పెట్టినా ఆగదు. ఈ వయసుకు పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ చేయించవచ్చు, చాలావాటికి ఆ అలవాటు దాంతోనే పోతుంది.

హంద్రీగట్టు:
తొమ్మిది రోజుల తర్వాత వస్తున్నా. డాక్టరు చూసి మూత్రంలో ఇబ్బంది లేదన్నారు. గోడకు కొట్టడం ఇంకా లేదు. వచ్చే నెల ఆపరేషన్‌కు రమ్మన్నారు, నులిపురుగుల మందు వేశారు, రేబిస్ టీకా కూడా అయింది.

కింద ఓనరు గారి అబ్బాయే హంద్రీ నది పక్కన వాళ్ల స్థలం నుంచి ఇసుక తెచ్చిచ్చాడు. జల్లించి, ఎండబెట్టి టబ్బులో పోశాం. మొదటి రోజు చుట్టూ తిరిగింది గానీ దిగలేదు. రెండో రోజు తెల్లవారుజామున నాలుగింటికి దిగింది. మేమిద్దరం ఊపిరి బిగబట్టి తలుపు సందులోంచి చూశాం. ముందు కాలితో గుంత తీసింది, వాసన చూసింది, నచ్చలేదు, పక్కన ఇంకోటి తీసింది. పోస్తున్నంతసేపూ గోడకేసి చూస్తూ కూర్చుంది. తర్వాత పూడ్చడం మొదలుపెట్టి, ఇసుక వదిలేసి టబ్బు అంచును, ఆ పక్క బండను గీకుతుంది. ఇప్పటికీ అంతే, ఇసుక తప్ప అన్నీ గీకుతుంది.

బొంత మీద ఒకసారి మళ్లీ పోసింది. మేం ఆ రోజు టబ్బు శుభ్రం చేయలేదు, తప్పు మాదే. ఇప్పుడు బూరెలు తీసే పాత చిల్లుల గరిటె దీనికే కేటాయించాం, ఉదయం, సాయంత్రం తీస్తున్నాం. రెండో టబ్బు కూడా పెట్టాం.

ఒక సందేహం. మా చెల్లెలు పురుడుకు వస్తుంది, ఐదో నెల. పిల్లిని పంపేయమని అత్తగారు అంటున్నారు.

బళ్లారిరోడ్డు:
పంపేయక్కర్లేదు. భయం టాక్సోప్లాస్మా గురించి, అది పిల్లి దొడ్డిలో ఉండగల కంటికి కనపడని క్రిమి, కడుపులో బిడ్డకు హాని చేయొచ్చు. పిల్లి దొడ్డికి పోయిన వెంటనే అది అంటదు, కనీసం ఒక రోజు గడవాలి. రోజూ తీసేస్తే చాలావరకు భయం ఉండదు. మీ చెల్లెలు మాత్రం టబ్బు జోలికి పోకూడదు, మీరే తీసి సబ్బుతో చేతులు కడుక్కోండి. పిల్లికి పచ్చి మాంసం పెట్టకండి. మట్టి అంటిన కూరగాయల నుంచీ, సరిగ్గా ఉడకని మాంసం నుంచీ కూడా అది వస్తుంది, కాబట్టి వంటింట్లోనూ జాగ్రత్త. ఆమెకు చూస్తున్న డాక్టరుకు ఇంట్లో పిల్లి ఉందని చెప్పండి.

శనక్కాయసీమ:
తీసిన ఇసుక బాత్‌రూమ్‌లో పోయకు అన్నా, పైపు పూడిపోతుంది. కాగితంలో చుట్టి చెత్త బండికి వెయ్యి. కూరగాయల కుండీల్లో అసలే వద్దు.

హంద్రీగట్టు:
చెత్త బండికే వేస్తున్నాం. బండి ఆయన రోజూ ఆ పొట్లం బరువు చూసి ఏముందమ్మా ఇందులో అని అడుగుతాడట. మా ఆవిడ ఇసుక అని మాత్రం చెప్తుంది.