సిగ్నల్ దగ్గర వేడెక్కుతోంది, హైవే మీద చల్లబడుతోంది: రేడియేటర్ మార్చాలా?

వరంగల్_పాతబండి:
2010 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 1.2 లీటర్ ఇంజిన్, 1,30,000 కిలోమీటర్లు తిరిగింది. ఏసీ వేసుకుని సిగ్నల్ దగ్గర ఐదు నిమిషాలు ఆగితే టెంపరేచర్ ముల్లు సగం దాటి పైకి పోతోంది, ఏసీలో చల్లదనమూ పోతోంది. హైవే ఎక్కి 60లో వెళ్తే ముల్లు మళ్లీ మామూలే. రాత్రి హెడ్‌లైట్లు వేస్తే ఇంకా తొందరగా లేస్తోంది. పొద్దున సెల్ఫ్ బరువుగా తిరుగుతోంది. కూలెంట్ నెలకు పావు లీటరు తగ్గుతోంది. మెకానిక్ థర్మోస్టాట్ (ఇంజిన్ కాగేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కి పోనివ్వని వాల్వ్) తీసేద్దాం, అప్పటికీ తగ్గకపోతే రేడియేటర్ మార్చేద్దాం అంటున్నాడు. ఒప్పుకోవచ్చా?

ఆటో_ఎలక్ట్రీషియన్:
అన్నా, ఇప్పుడే ఒప్పుకోకండి. రేడియేటర్ లోపల పూడుకుపోతే వేగంలోనూ, ఘాట్ ఎక్కేటప్పుడూ ముల్లు లేవాలి. ఆగినప్పుడే లేచి, గాలి తగలగానే దిగుతోందంటే ముందు చూడాల్సింది ఫ్యాన్. ఏసీ చల్లదనం పోవడమూ అందుకే. రేడియేటర్ ముందుండి ఏసీ గ్యాస్‌ను చల్లార్చే కండెన్సర్‌కీ గాలి పంపేది ఆ ఫ్యానే.

ఇంజిన్ ఆన్‌లో ఉంచి ఏసీ వేయండి. కంప్రెసర్ పట్టుకోగానే ఫ్యాన్ తిరగాలి. అసలే తిరగకపోతే ఫ్యూజు చూసి, ఫ్యాన్ రిలేని (ఫ్యాన్‌కి కరెంటు కలిపే స్విచ్) అదే నంబరున్న హారన్ రిలేతో మార్చి చూడండి. అయినా కదలకపోతే ఫ్యాన్ కనెక్టర్ ఊడదీసి, మధ్యలో 30 ఆంపియర్ల ఫ్యూజు పెట్టి బ్యాటరీ నుంచి నేరుగా కరెంటివ్వండి. మోటారును తట్టితేనే తిరుగుతోందంటే కార్బన్ బ్రష్‌లు అరిగిపోయినట్టు. రెండు వేగాల ఫ్యాన్ అయితే తక్కువ వేగానికి ఉండే రెసిస్టర్ కాలిపోవడం మామూలు. అప్పుడు ఇంజిన్ బాగా కాగాక ఎక్కువ వేగంలో మాత్రమే వస్తుంది.

మీ విషయంలో హెడ్‌లైట్లు, బరువు సెల్ఫ్ అన్న మాటలు పట్టించుకోవాలి. ఫ్యాన్ తిరుగుతూనే, వోల్టేజీ చాలక నీరసంగా తిరుగుతుండొచ్చు. మల్టీమీటర్‌తో కొలిచి చెప్పండి (అన్నీ వోల్టుల్లో):
– రాత్రంతా ఆగిన బ్యాటరీ: 12.6 ఉంటే నిండుగా, 12.2 ఉంటే సగం.
– సెల్ఫ్ కొట్టేటప్పుడు: 9.6 కంటే దిగకూడదు.
– ఐడిల్‌లో (బండి ఆగి, ఇంజిన్ మాత్రం నడుస్తుండగా) ఏసీ, లైట్లు వేసి: 13.3 పైన ఉండాలి.
– ఇంజిన్ కాగాక ఆపి, కీ ఆన్‌లోనే ఉంచితే చాలా బండ్లలో ఫ్యాన్ తిరుగుతూ ఉంటుంది. అప్పుడు ఫ్యాన్ మైనస్ పిన్నుకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య కొలవండి. 0.2 దాటకూడదు.

కూలింగ్_సిస్టమ్:
థర్మోస్టాట్ తీసేయడం వైద్యం కాదు. అది లేకపోతే ఇంజిన్ కాగడానికి చాలాసేపు పడుతుంది, పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, ఆయిల్‌లో పెట్రోల్ కలిసి బురద కడుతుంది. అనుమానముంటే విప్పి నీళ్ల గిన్నెలో దారంతో వేలాడదీసి కాయండి. వాల్వ్ మీద 82 అని చెక్కి ఉంటే దాదాపు ఆ డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలవ్వాలి.

పావు లీటరు తగ్గుతోంది కాబట్టి చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి రబ్బరు చూడండి. 0.9 బార్ మూత సరిగ్గా పట్టి ఉంచితే లోపలి నీరు 118 డిగ్రీల దాకా మరగదు. రబ్బరు గట్టిపడితే ఆ ఒత్తిడి నిలవదు, కూలెంట్ పొంగి బయటికి పోతుంది. వాటర్ పంపు కింది చిన్న రంధ్రం దగ్గర ఎండిన మరక ఉంటే సీలు పోయింది. పొద్దున స్టార్ట్ చేసిన రెండు నిమిషాలకే పై హోసు రాయిలా గట్టిపడినా, కూలెంట్‌లో ఆగకుండా బుడగలొచ్చినా హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకీ పైనున్న హెడ్‌కీ మధ్య సీలు) పరీక్ష చేయించాలి.

కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య దుమ్ము, పురుగులు పేరుకుంటాయి. ఇంజిన్ వైపు నుంచి బయటికి మామూలు పైపుతో కడగండి. ప్రెషర్ గన్ పెడితే ఫిన్లు (సన్నటి రేకులు) వంగిపోతాయి.

వరంగల్_పాతబండి:
కొలిచాను. బ్యాటరీ 12.5. సెల్ఫ్ కొట్టేటప్పుడు 10.4. ఐడిల్‌లో అన్నీ వేస్తే 12.7. ఫ్యాన్ మైనస్ దగ్గర 1.2! మూత రబ్బరు పగిలింది. పంపు దగ్గర మరకల్లేవు, బుడగల్లేవు.

ఆటో_ఎలక్ట్రీషియన్:
దొరికింది. ఎర్త్‌లోనే, అంటే కరెంటు బ్యాటరీ మైనస్‌కి తిరిగొచ్చే దారిలోనే 1.2 వోల్టులు పోతున్నాయి. బ్యాటరీ ట్రే కింద మైనస్ కేబుల్ బాడీకి బిగించే బోల్టు, బాడీ నుంచి గేర్‌బాక్స్‌కి వెళ్లే అల్లిన పట్టీ, ఫ్యాన్ ఎర్త్ బోల్టు మూడూ విప్పండి. ముందు బ్యాటరీ మైనస్ ఊడదీయడం మరవొద్దు. తుప్పు, పెయింట్ పోయి ఇనుము మెరిసేదాకా ఎమ్రీ పేపర్‌తో రుద్ది, పళ్ల వాషర్ వేసి బిగించి, పైన పెట్రోలియం జెల్లీ పూయండి. పట్టీలో తీగలు తెగి ఉంటే 25 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ వేయించండి. బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ కరెంటు బ్యాటరీకి చేరేదీ ఆ దారినే కాబట్టి 12.7 కూడా పైకి రావాలి. రాకపోతే బెల్టు బిగువు, ఆ తర్వాత ఆల్టర్నేటర్ బ్రష్‌లు చూడాలి.

కూలింగ్_సిస్టమ్:
మూత అదే ప్రెషర్‌ది కొనండి. తగ్గిన కూలెంట్‌ను బోరు నీళ్లతో నింపొద్దు, సున్నం పేరుకుంటుంది. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం కలిపి పోయండి. బండి ముందు వైపు కాస్త ఎత్తులో ఉంచి, హీటర్ పూర్తి వేడిలో పెట్టి, చల్లటి ఇంజిన్‌లో మెల్లగా నింపండి. మూత తీసే ఉంచి ఐడిల్‌లో నడిపితే లోపలి గాలి బయటికొచ్చేస్తుంది. మట్టం తగ్గిన కొద్దీ పోస్తూ, పొంగబోతుంటే మూత పెట్టేయండి. మర్నాడు ఇంజిన్ చల్లారాకే తెరిచి మట్టం చూడండి.