పెళ్లి వీడియోకి సెకనుకి 25 ఫ్రేములు పెట్టాలా, 30 పెట్టాలా? మీ అనుభవాలు చెప్పండి

కొత్త_కెమెరా:
అన్నలందరికీ నమస్కారం. తెనాలి చుట్టుపక్కల పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు తీస్తుంటాను. మొన్న ఒక రాత్రి ముహూర్తం 4కె 30లో, షట్టర్ 1/60 (ఒక్కో ఫ్రేముకి వెలుతురు పడేది సెకనులో 60వ వంతు) పెట్టి తీశాను. కెమెరా స్క్రీన్ మీద బాగానే ఉంది. ఇంటికొచ్చి టీవీలో వేస్తే పందిరికి కట్టిన సీరియల్ లైట్లు కొట్టుకుంటున్నాయి, పెళ్లికూతురి మొహం మీద సన్నటి చారలు పైకి పాకుతున్నాయి. మంగళసూత్రం కట్టే షాటు కూడా అంతే. వాళ్లకింకా చూపించలేదు, చాలా టెన్షన్‌గా ఉంది. వచ్చే నెల ఇంకో పెళ్లి ఒప్పుకున్నాను. ఫ్రేమ్ రేట్ ఎంత పెట్టాలి? ఎక్స్‌ఏవీసీ ఎస్, హెచ్ఎస్ అని సోనీలో ఉండే రెండు రికార్డింగ్ ఫార్మాట్లలో ఏది మంచిది?

పందిరి_వీడియో:
తమ్ముడూ, చారలు వచ్చింది 30 వల్ల కాదు, షట్టర్ వల్ల. మన కరెంటు 50 హెర్ట్జ్. దాని మీద నడిచే మామూలు సీరియల్ బల్బు సెకనుకి 100 సార్లు వెలిగి తగ్గుతుంది. 1/60లో ఒక ఫ్రేముకి ఒక వెలుగు పూర్తిగా, రెండోది సగం పైచిలుకు పడుతుంది. ఆ మిగులు ఒక్కో ఫ్రేములో ఒక్కోలా ఉంటుంది, నీకు కనపడ్డ చార అదే. 1/50 పెడితే సరిగ్గా రెండు వెలుగులు, 1/100 పెడితే సరిగ్గా ఒకటి. 30లో ఉన్నా 1/50 పెట్టి ఉంటే నీ షాటు దక్కేది.

నేనైతే మెనూలో మన దేశపు 25, 50 ఫ్రేముల పద్ధతైన పాల్‌కి మార్చుకుని 25లోనే తీస్తాను. 25కి 1/50, స్లోమోషన్ కోసం 50కి 1/100. కదలిక సహజంగా ఉంటుంది, లైట్లూ కుదురుతాయి. ఒక్కటి గుర్తుపెట్టుకో. పాత సోనీ కెమెరాల్లో 30, 60 ఫ్రేముల పద్ధతైన ఎన్‌టీఎస్‌సీ నుంచి పాల్‌కి మారితే కార్డు ఫార్మాట్ చెయ్యమంటుంది. ఆ పని ఇంట్లోనే ముగించుకుని వెళ్లు.

ఎడిటింగ్_గది:
పైన అన్న చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. తలంబ్రాల సంగతి నేను చెప్తాను. చాలామంది స్లోమోషన్ కోసం 120లో తీసి పంపిస్తారు. 120లో షట్టర్ 1/120 కన్నా నిదానంగా పెట్టలేం, అందుకే మన లైట్ల కింద కొట్టుకోవడం తప్పదు. అదే 100లో 1/100 పెట్టి తీసిన క్లిప్పు ఒకటి నా దగ్గరికొచ్చింది. పెళ్లికొడుకు తల మీంచి జారే పసుపు బియ్యం గింజ గింజా విడిగా కనపడుతోంది, వెనక దీపాలు కొట్టుకోలేదు. ఎడిటింగ్‌లో 25 ఫ్రేముల టైమ్‌లైన్ మీద వేస్తే నాలుగింతలు నిదానం. కానీ మొత్తం పెళ్లి 100లో తియ్యకండి. మంత్రాలు, సన్నాయి వినపడాల్సిన చోట 25 చాలు.

ఫార్మాట్ విషయం. ఎస్ అంటే హెచ్.264, హెచ్ఎస్ అంటే హెచ్.265, రెండూ వీడియోని కుదించే పద్ధతులే. రెండోదానికి అదే నాణ్యతకి చోటు తక్కువ పడుతుంది గానీ, పాత కంప్యూటర్లో టైమ్‌లైన్ జరగదు. రంగు సమాచారం ఎక్కువ ఉండే 4:2:2 10 బిట్ హెచ్.265 అయితే మరీను, ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్ లాంటిది లేకపోతే ప్రాక్సీలు (ఎడిటింగ్ కోసం తేలికపాటి నకళ్లు) చేసుకోవాల్సిందే. పైగా నా కెమెరాలో పాల్ పెడితే హెచ్ఎస్ 4కెలో 25 రాదు, 50 నుంచే మొదలు. నీకు ఎస్ చాలు.

చెడిపోయిన షాటుకి డావిన్చీ రిజాల్వ్ స్టూడియో అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో డీఫ్లికర్ (కొట్టుకోవడం తగ్గించే ఎఫెక్ట్) వేసి చూడు. నాకు ఒకసారి మొహం మీది చారలు బాగా తగ్గాయి, వెనక లైట్లు మాత్రం పూర్తిగా కుదుటపడలేదు.

డల్లాస్_నుంచి:
ఇక్కడ కరెంటు 60 హెర్ట్జ్, అందుకే మేం 30కి 1/60 వాడతాం. అదే సెట్టింగుతో మా చెల్లి పెళ్లికి కాకినాడ వచ్చి నేనూ ఈ దెబ్బే తిన్నాను. ఐఫోన్‌తో తీసే చుట్టాలకి కూడా చెప్పండి: కెమెరా సెట్టింగుల్లో పాల్ ఫార్మాట్లు ఆన్ చేస్తే 25 వస్తుంది. 30లో తీసింది 25 టైమ్‌లైన్‌లో వేస్తే నడక గతుక్కుమంటుంది.

పందిరి_వీడియో:
కార్డుల లెక్క కూడా వేసుకో తమ్ముడూ. 100 ఎంబీపీఎస్ (సెకనుకి 100 మెగాబిట్లు) అంటే గంటకి 45 జీబీ. స్నాతకం నుంచి అప్పగింతల దాకా ఐదు గంటలు తిప్పితే 225 జీబీ. వీ30 కార్డు (సెకనుకి కనీసం 30 ఎంబీ రాసేది) సరిపోతుంది. ఇంకోమాట, 8 బిట్‌లో లాగ్ (తర్వాత రంగులు దిద్దుకోవడానికి చప్పగా తీసే పద్ధతి) జోలికి పోకు. ఒక్కో రంగుకి 256 మెట్లే ఉంటాయి. మంగళస్నానాల్లో వెనక కట్టిన పసుపు పరదా గ్రేడింగ్‌లో పట్టీలు పట్టీలుగా చీలిపోతుంది. 10 బిట్‌లో 1024 మెట్లు, అక్కడ ధైర్యంగా తియ్యొచ్చు.

కొత్త_కెమెరా:
అన్నలూ, చాలా థ్యాంక్స్. ఈ సాయంత్రం మా ఊరి టెంట్ హౌస్‌కి వెళ్లి ఒక సీరియల్ తోరణం వెలిగించమని అడిగాను. 1/60 పెడితే చారలు కనపడ్డాయి. 1/50కి తిప్పగానే ఆగిపోయాయి, 1/100లో కూడా లేవు. వాళ్ల ఎల్‌ఈడీ వాల్ మీద మాత్రం ఏది పెట్టినా గీతలు పోలేదు.

ఎడిటింగ్_గది:
వాల్ రిఫ్రెష్ (తెర మళ్లీ మళ్లీ వెలిగే వేగం) వేరు, అది కరెంటుతో పాటు నడవదు. నీ కెమెరాలో వేరియబుల్ షట్టర్ ఉంటే 1/50 చుట్టుపక్కల కొద్దికొద్దిగా జరుపుతూ చూడు. లేకపోతే ఆ వాల్ ఫోకస్‌లో పడకుండా పెళ్లికూతురికి దగ్గరగా జరిగి తియ్యి.