నలుగురం కొండల్లోకి ఎగరాలంటే బేర్‌హాక్ కట్టుకోవాలా, పాత సెస్నా కొనాలా?

డెన్వర్ నాన్న:
మా ఇంట్లో నలుగురం. ఐడహోలో జాన్సన్ క్రీక్ లాంటి గడ్డి రన్‌వే మీద దిగి, పక్కనే టెంట్ వేసుకోవాలని ఎప్పటినుంచో కోరిక. బేర్‌హాక్ అనే నాలుగు సీట్ల చిన్న విమానాన్ని గ్యారేజీలో మనమే కట్టుకుందామని నేను, ఫ్యాక్టరీలో తయారైన పాత సెస్నా 182 కొందామని మా ఆవిడ. మీరేమంటారు?

బోయిసీ పైలట్:
కొనండి. బేర్‌హాక్ మంచిదే. బాబ్ బారోస్ డిజైన్ గట్టిది: స్టీల్ గొట్టాల బాడీ, అల్యూమినియం రెక్కలు. కానీ అది తయారయ్యేసరికి మీ పిల్లలు పెద్దవాళ్లైపోతారు. తయారయ్యాక కూడా ఎగిరి పరీక్షించే టెస్ట్ గంటలు, మామూలుగా 25 నుంచి 40, పూర్తయ్యేదాకా వాళ్లను ఎక్కించకూడదు.

కట్టినా కొన్నా బరువు లెక్క తప్పదండి. బేర్‌హాక్ గ్రాస్, అంటే అన్నీ కలిపి మోయగల మొత్తం బరువు, 2,500 పౌండ్లు, ఖాళీ బరువు 1,400 అనుకోండి. మిగిలేది 1,100. నలుగురు పెద్దవాళ్లు 680, 50 గ్యాలన్ల పెట్రోలు 300, సామానుకి 120. కాగితం మీద సరిపోయింది. జాన్సన్ క్రీక్ ఉన్నది దాదాపు 5,000 అడుగుల ఎత్తులో. 30 డిగ్రీల మధ్యాహ్నం అక్కడి గాలి 8,000 అడుగుల మీద గాలంత పలచబడుతుంది. గాలిని ఒత్తి లోపలికి పంపే టర్బో లేని ఇంజిన్‌కి పావు వంతు బలం పోతుంది. చుట్టూ కొండలు. తెల్లవారి చల్లగా ఉండగానే, తక్కువ పెట్రోలుతో లేవాలి. కట్టడానికి పట్టే ఆ ఏళ్లూ డబ్బూ కొండల్లో ఎగిరే ట్రైనింగ్ మీద పెట్టండి.

స్పోకేన్ గ్యారేజీ:
లెక్క ఒప్పుకుంటాను, కొనమనడం ఒప్పుకోను. మా బేర్‌హాక్ రడ్డర్‌కి, అంటే తోక దగ్గర పక్కలకి తిరిగే పలకకి, గుడ్డ అంటించాక మా అమ్మాయే ఇస్త్రీ పెట్టె పట్టుకుంది. 250 డిగ్రీల ఫారెన్‌హీట్‌తో మొదలుపెట్టి 350 దాకా, కొంచెం కొంచెంగా. ముడతలన్నీ పోయి గుడ్డ బిగిసింది. వేలితో కొడితే డప్పులా మోగింది. పిల్లలు పెద్దవాళ్లైపోతారన్నారు. మా పిల్ల ఆ గ్యారేజీలోనే పెద్దదైంది. కట్టినవాడిగా రిపేర్‌మన్ సర్టిఫికెట్ నాకుంది, ఏటా తనిఖీ నేనే చేసుకుంటాను. సెస్నా అయితే ఆ సంతకం కోసం అర్హతున్న మెకానిక్ దగ్గరికి వెళ్లాల్సిందే.

డెన్వర్ నాన్న:
నిన్న రాత్రి బ్యాగులు భుజాన వేసుకుని ఒక్కొక్కరం తూకం ఎక్కాం. టెంట్‌తో కలిపి 710 పౌండ్లు. ముందు కొండల ట్రైనింగ్‌కి పేరిచ్చాను, సెస్నా కూడా వెతుకుతున్నాం. మా చిన్నవాడు మాత్రం పొద్దున్నుంచీ ఆ ఇస్త్రీ పెట్టె గురించే అడుగుతున్నాడు. స్పోకేన్ గారూ, ఒక ఆదివారం మీ గ్యారేజీకి తీసుకురమ్మంటారా?